స్టెరాయిడ్ వాడాక ఒంటి మీద పొక్కులు, ఎరుపు, దురద: ఏది ఆపాలి, ఏది ఆపకూడదు

"అన్నా, తామర ట్యూబు ఒకటియ్యి. మొన్న ఇచ్చావే, అదే." కౌంటర్ అవతలి నుంచి ఈ మాట వినపడని రోజు ఉండదు. నెల తిరిగేసరికి ఆ మనిషే మళ్లీ వస్తాడు. "రాసినన్నాళ్లు బాగానే ఉంటది. మానేస్తే రెండింతలవతా ఉంది. ఏందన్నా ఇది?"

నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. నెల్లూరు పక్కన కోవూరులో మందుల షాపు. కాబట్టి ఫలానా మందు కొనుక్కుని వాడండని ఇక్కడ చెప్పను. డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు ఏం చేయాలి, వెళ్లాక ఏం చెప్పాలి, మందు తెచ్చుకున్నాక ఎలా వాడాలి అన్నంతవరకే.

పూతమందు సంగతి వేరు, మాత్రల సంగతి వేరు. తామర అంటే ఫంగస్ వల్ల వచ్చేది. దాని మీద పొరపాటున రాస్తున్న స్టెరాయిడ్ (ఎరుపు, దురద అణచే మందు) ట్యూబుని ఈరోజే ఆపొచ్చు. వారాల తరబడి మింగుతున్న స్టెరాయిడ్ మాత్రని మాత్రం ఒంటి మీద ఎన్ని పొక్కులొచ్చినా సొంతంగా ఆపకూడదు. మా షాపుకి వచ్చేవాళ్లలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ట్యూబుని వదలరు, మాత్రని "వేడి చేసింది" అని ఠక్కున మానేస్తారు.

## 1. ముందు ఇవి లేవని చూసుకోండి

కింది వాటిలో ఏది ఉన్నా మిగతా వ్యాసం తర్వాత చదువుకోవచ్చు.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి:

- ముఖం, పెదాలు, నాలుక వాయడం, ఊపిరి అందకపోవడం
- జ్వరంతో పాటు నోట్లో, కళ్లలో పుండ్లు పడటం, చర్మం పొరలుగా ఊడటం
- స్టెరాయిడ్ మాత్రలు ఆపేశాక వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం, లేవలేనంత నీరసం

అదే రోజు డాక్టర్‌కి చూపించాల్సినవి:

- ఒంటికి ఒక పక్కనే పట్టీలాగా మంట, నొప్పి, నీటి పొక్కులు. దీన్నే మనం సర్పి అంటాం. పొక్కులు మొదలైన 72 గంటల్లోపు మందు పడితే బాగా పనిచేస్తుంది. కంటి పక్కన, ముక్కు కొన మీద వస్తే గంట కూడా ఆగొద్దు
- స్టెరాయిడ్ మాత్రలు వాడే మనిషికి ఆటలమ్మ పోయడం. ఇంతకుముందు ఆటలమ్మ రాని మనిషైతే, ఇంట్లో ఇంకొకరికి పోసినా సరే
- చర్మం ఎర్రగా, వేడిగా వాచి గంట గంటకీ పాకడం

స్టెరాయిడ్ పడుతున్న ఒంట్లో జ్వరం, నొప్పి పూర్తిగా బయటపడవు. లోపల చీము ఉన్నా పైకి మామూలుగానే ఉండొచ్చు. ఆటలమ్మకి వేపాకు పరుచుకోండి, కాదనను. డాక్టర్‌కి ఫోన్ చేయడం మాత్రం స్నానాలు పోసేదాకా ఆపొద్దు.

## 2. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేయండి

ట్యూబులు, మాత్రల అట్టలు, ఉబ్బసం పంపులు, ముక్కులో కొట్టుకునే స్ప్రేలు, ముఖం తెల్లబడే క్రీములు, నాటు వైద్యుడు ఇచ్చిన పొడి, అన్నీ సంచిలోకి రావాలి. మోకాలికో భుజానికో ఈమధ్య ఇంజెక్షన్ వేయించుకుంటే తేదీతో సహా కాగితం మీద రాయండి.

ఇప్పుడు ట్యూబు మీద కంపెనీ పెట్టిన పెద్ద పేరుని వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. చత్వారం ఉంటే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. ఈ పేర్లుంటే అది స్టెరాయిడ్:

- బెటామెథాసోన్, మొమెటాసోన్, ఫ్లుటికాసోన్, బెక్లోమెథాసోన్, హైడ్రోకార్టిసోన్
- క్లోబెటాసోల్, హాలోబెటాసోల్
- ట్రయామ్‌సినోలోన్, ఫ్లుయోసినోలోన్
- మాత్రల్లో ప్రెడ్నిసోలోన్, మిథైల్‌ప్రెడ్నిసోలోన్, డెక్సామెథాసోన్, డెఫ్లజాకార్ట్

ఒక చోట చాలామంది తికమక పడతారు. క్లోబెటా"సోల్" స్టెరాయిడ్. క్లోట్రిమా"జోల్", కీటోకోనా"జోల్" ఫంగస్ మందులు. ఒక్క అక్షరమే తేడా, పని మాత్రం పూర్తిగా వేరు. పైగా ఒకే ట్యూబులో సోల్, జోల్, ఇంకో యాంటీబయాటిక్ కలిపేసినవి ఎన్నో ఉన్నాయి. పేరులో ఫంగస్ మందు కనపడింది కదా అని ధీమాగా ఉండొద్దు. పక్కన స్టెరాయిడ్ ఉందేమో చూడండి.

తెల్లబడే క్రీముల్లో హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌తో పాటు మొమెటాసోన్ కలిసినవి ఉంటాయి. అవి కొన్నాళ్లపాటు డాక్టర్ చూపులో వాడాల్సిన మందులు. రోజూ పౌడర్ రాసినట్టు రాసుకునేవి కావు.

చీటీ లేని పొట్లాల సంగతి ఒకటుంది. కీళ్లనొప్పులకో ఆయాసానికో ఇచ్చిన పొడి రెండు రోజుల్లోనే అద్భుతంగా పనిచేసి, కొన్ని వారాలకి ముఖం గుండ్రంగా ఉబ్బి, ఆకలి పెరిగి, ఛాతీ మీద పొక్కులొస్తే అందులో స్టెరాయిడ్ కలిసి ఉందేమో అనుమానించండి. దాన్ని కూడా హఠాత్తుగా ఆపకుండా పొట్లంతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

## 3. మీది ఏ రకమో పోల్చుకోండి

ఇది రోగం తేల్చడానికి కాదు, డాక్టర్‌కి సరిగ్గా చెప్పడానికి.

తామర రూపు మారడం. మామూలు తామర గుండ్రంగా, అంచు ఉబ్బి, మధ్యలో శుభ్రంగా ఉంటుంది. స్టెరాయిడ్ రాస్తే అంచు చెదిరిపోతుంది, వలయంలో ఇంకో వలయం వస్తుంది, లేదా ఎర్రటి మచ్చ మీద అక్కడక్కడా చీముపొక్కులు లేస్తాయి. గజ్జల్లో మొదలైంది తొడలకి, పిరుదులకి, నడుముకి పాకుతుంది.

ముఖం మంట. బుగ్గలు ఎర్రబడతాయి, సన్నటి రక్తనాళాలు కనపడతాయి, ఎండలోకి వెళ్తే భగ్గుమంటుంది. నోటి చుట్టూ చిన్న చిన్న పొక్కులు, ఆడవాళ్లకైతే గడ్డం మీద వెంట్రుకలు. క్రీము ఆపిన కొన్ని రోజులకే ఇవన్నీ ఎక్కువవుతాయి.

మాత్రల పొక్కులు. ఛాతీ, వీపు, భుజాల మీద ఒకే సైజులో, అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండే ఎర్రటి పొక్కులు. మాత్రలు మొదలుపెట్టిన రెండు మూడు వారాల తర్వాత వస్తాయి. వయసు మొటిమల్లో నల్లముక్కు (బ్లాక్‌హెడ్), తెల్లముక్కు (వైట్‌హెడ్), పెద్ద గడ్డ అన్నీ కలిసుంటాయి. ఇక్కడ అలా కాదు. బాగా దురద పెడితే వెంట్రుక కుదుళ్లలో ఫంగస్ కూడా చేరి ఉండొచ్చు.

చర్మం పలచబడటం. చంకల్లో, తొడల మీద ఊదా రంగు చారలు. చిన్న దెబ్బకే నల్లటి కమిలిన మచ్చలు. చారలు రంగు తగ్గుతాయి కానీ పూర్తిగా పోవు.

మందే పడకపోవడం. ట్యూబు రాసిన కొద్దీ, రాసిన మేరకే దురద పెరిగితే అందులోని నియోమైసిన్ లాంటి యాంటీబయాటికో, నిల్వ కోసం కలిపిందో, ఒక్కోసారి స్టెరాయిడే పడకపోయి ఉండొచ్చు.

రాత్రిపూట దురద, వేళ్ల సందుల్లో పొక్కులు, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే అది గజ్జి కావచ్చు. స్టెరాయిడ్ రాస్తే పైకి తగ్గినట్టుండి పురుగు లోపల పెరుగుతూనే ఉంటుంది. దానికి మందు ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలి.

## 4. తామర మీద రాసి ఉంటే

మన వైపు ఎక్కువమంది బాధ ఇదే. మార్చి నుంచి జూన్ దాకా ఎండ, చెమట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన, ఆరని బట్టలు. రొయ్యల చెరువుల మీద తడిలో నిలబడేవాళ్లు, పొగాకు బ్యారన్ దగ్గర వేడిలో పనిచేసేవాళ్లు, చీమకుర్తి క్వారీల్లో బిగుతు జీన్సుతో రోజంతా గడిపేవాళ్లు, అందరికీ ఆ గజ్జల్లోనే.

స్టెరాయిడ్ ఏం చేస్తుందంటే, ఫంగస్‌తో పోరాడే ఒంటి శక్తిని ఆ చోట నిద్రపుచ్చుతుంది. ఎరుపు, దురద ఆ పోరాటం వల్ల వచ్చేవే. పోరాటం ఆగింది కాబట్టి దురద తగ్గింది. ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది.

క్రమం ఇదీ:

1. స్టెరాయిడ్ కలిసిన ట్యూబు ఆపండి. చాలా పెద్ద భాగానికి నెలల తరబడి రాసి ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి.

2. ఏ పూతా లేకుండా ఉన్నప్పుడే చర్మ డాక్టర్‌కి చూపించండి. పొట్టు గీకి సూక్ష్మదర్శిని కింద చూసే చిన్న పరీక్ష ఉంటుంది. ఫంగస్ పూత రాసుకుని వెళ్తే అందులో ఏమీ కనపడకపోవచ్చు.

3. మొదటి వారం రెండు వారాలు ఎరుపు, దురద పెరుగుతాయి. ఇక్కడే అందరూ జారిపోతారు. "కొత్త మందు పడలేదు" అని పాత ట్యూబు తీస్తారు. నిద్రపోయిన పోరాటం మళ్లీ లేచిందని అర్థం, అంతే. చల్లటి తడిగుడ్డ పది నిమిషాలు వేసి, ఒత్తి ఆరబెట్టండి. దురద మాత్ర కావాలంటే డాక్టర్‌ని అడగండి.

4. పూతమందు మచ్చ దాటి రెండు వేళ్ల వెడల్పు బయటికి రాయండి. బయటి నుంచి లోపలికి రాసుకుంటూ రండి. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

5. మచ్చ కనపడటం తగ్గగానే ఫంగస్ మాత్రలు మానొద్దు. ఇప్పుడు దేశంలో తిరుగుతున్న తామరలో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే మొండి రకం ఉంది. టెర్బినాఫిన్ అనే ఫంగస్ మాత్రకి చాలాసార్లు లొంగదు. అందుకే రెండు వారాల కోర్సు చాలడం లేదు, వారాలు నెలలు పడుతోంది. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

6. ఇట్రాకోనజోల్ అనే ఫంగస్ క్యాప్సూల్ రాస్తే భోజనం చేశాక మింగండి. గ్యాస్ మాత్రతో కలిపి మింగితే ఒంటికి సరిగా పట్టదు. కొలెస్టరాల్ మాత్రలు, గుండె జబ్బు, స్టెరాయిడ్ పంపులు, మాత్రలు ఉంటే తప్పక చెప్పండి. కొన్ని స్టెరాయిడ్‌ల ప్రభావం దీనితో కలిస్తే బాగా పెరుగుతుంది.

ఇక మొలతాడు. తీయమంటే నాకు కౌంటర్ దగ్గరే చీవాట్లు పడ్డాయి. అయినా చెప్పక తప్పదు. నూలు మొలతాడు చెమట పీల్చి, ఎప్పుడూ ఆరకుండా, ఫంగస్‌ని నడుము చుట్టూ తిప్పుతుంది. తీసేయండి. పూర్తిగా తగ్గాక కొత్తది కట్టుకోవచ్చు.

తామర తగ్గేదాకా రోజూ చూసుకోవాల్సినవి:

- తువ్వాలు ఎవరిది వాళ్లకే
- లోదుస్తులు, లుంగీలు, దుప్పట్లు వేడినీళ్లలో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయడం. వానాకాలంలో ఇస్త్రీ చేసి వేసుకోవడం
- జీన్సు, లెగ్గింగ్స్ బదులు వదులు నూలు బట్టలు
- పని నుంచి రాగానే స్నానం, గజ్జలు పూర్తిగా ఆరాకే బట్టలు
- ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకీ అదే సమయంలో వైద్యం

చివరిది చేయకపోతే పైవన్నీ వృథా. భర్తకి తగ్గుతుంది, భార్య సిగ్గుపడి చెప్పదు, రెండు నెలలకి ఇద్దరికీ మళ్లీ మొదలు.

## 5. ముఖానికి రాసి ఉంటే

పెళ్లి కుదిరిందని రెండు నెలలు రాసి, పెళ్లయ్యాక ఆపితే మంట పుట్టి, మళ్లీ రాసి, ఇలా ఏళ్లు గడిపినవాళ్లు ఉన్నారు. ఆ మొదటి ట్యూబుల్లో కొన్ని నా చేతి మీదుగా వెళ్లినవే. అప్పట్లో అడిగితే ఇచ్చేసేవాళ్లం.

ముఖం సంగతిలో డాక్టర్ రెండు దారుల్లో ఒకటి ఎంచుకుంటారు: ఒకేసారి ఆపించడం, లేదా తక్కువ బలం ఉన్నదానికి మార్చి మెల్లగా తగ్గించడం. ఎన్నాళ్లు రాశారు, ఏది రాశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. సొంతంగా "రోజు మార్చి రోజు" లెక్కలు వేసుకోవద్దు.

ఆపాక మంట, ఎరుపు, పొట్టు వారాలు ఉంటాయి, కొందరికి నెలలు. ఆ కాలంలో ముఖానికి ఎంత తక్కువ చేస్తే అంత మంచిది:

- మామూలు నీళ్లు, వాసన లేని మృదువైన క్లెన్సర్. స్క్రబ్ వద్దు, సున్నిపిండి వద్దు, ఆవిరి పట్టడం వద్దు
- వాసన లేని మాయిశ్చరైజర్, లేదా పల్చగా పెట్రోలియం జెల్లీ
- జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్. బండి మీద వెళ్తే నూలు చున్నీ, గొడుగు
- ఫేషియల్, బ్లీచ్, థ్రెడింగ్ వాయిదా

నిమ్మరసం, పసుపు, కలబంద ఆకు నేరుగా రుద్దడం ఇప్పుడు వద్దు. బాగున్న చర్మానికి ఓర్చుకునేది పలచబడ్డ చర్మం ఓర్చుకోలేదు.

కనురెప్పల మీద స్టెరాయిడ్ నెలల తరబడి రాసి ఉంటే కంటి డాక్టర్ దగ్గర ఒకసారి కంటి ఒత్తిడి కొలిపించుకోండి. నీటికాసులు, శుక్లాలు రెండూ వచ్చే వీలుంది.

## 6. మాత్రలు మింగుతుంటే

ఆయాసం, కీళ్లవాతం, కిడ్నీ జబ్బు, లూపస్ (ఒంటి రక్షణ శక్తి ఒంటి మీదే తిరగబడే జబ్బు) లాంటి వాటికి స్టెరాయిడ్ మాత్రలు ప్రాణం నిలబెడతాయి. పొక్కులు చూసి భయపడి ఆపడం అసలు ప్రమాదం.

ఎందుకంటే మన ఒంట్లో కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులు రోజూ కొంత స్టెరాయిడ్ తయారుచేస్తాయి. బయటి నుంచి మూడు వారాలకి పైగా పడితే అవి పని తగ్గించేస్తాయి. ఠక్కున ఆపితే బయటా లేదు, లోపలా లేదు. బీపీ పడిపోతుంది. అందుకే డాక్టర్ మెట్లు మెట్లుగా తగ్గిస్తారు.

పొక్కులున్నా చేయాల్సినవి:

- మాత్ర పొద్దున టిఫిన్ తిన్నాక, చెప్పిన మోతాదే
- పొక్కుల ఫొటో తీసి, మాత్ర రాసిన డాక్టర్‌కే చూపించడం. మోతాదు తగ్గే కొద్దీ ఈ పొక్కులు చాలావరకు తగ్గుతాయి
- గిల్లకపోవడం. పలచని చర్మానికి మచ్చ త్వరగా పడుతుంది
- వాటి మీద స్టెరాయిడ్ ట్యూబు రాయకపోవడం. నవ్వొద్దు, వారానికి ఒకరైనా అడుగుతారు
- షుగర్ పరీక్ష. స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది, పెరిగితే రొమ్ముల కింద, గజ్జల్లో పాచిపట్టి ఎర్రగా అవుతుంది
- పంపు వాడేవాళ్లు పీల్చిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయడం. లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది
- పర్సులో "నేను స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నాను" అని మందు పేరు, మోతాదుతో ఒక చీటీ. పన్ను పీకించుకున్నా, ఆపరేషన్ అయినా ముందే చూపించాలి

వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే మర్నాటిదాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

## 7. డాక్టరే స్టెరాయిడ్ ట్యూబు రాస్తే

ఇంత చదివాక స్టెరాయిడ్ అంటేనే టెన్షన్ వస్తే అదీ పొరపాటే. గజ్జి తామరలు కాని ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి వాటికి ఇది మంచి మందు. కొలత, రోజులు తప్పకూడదు.

కొలత వేలితోనే. పెద్దవాళ్ల చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబు నొక్కితే సుమారు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకి అది సరిపోతుంది. దాన్ని ఒక కొలత అనుకుంటే:

- ముఖం, మెడ: 2.5
- ఒక చేయి: 3, మణికట్టు కింది భాగానికి ఇంకో 1
- ఒక కాలు: 6, పాదానికి ఇంకో 2
- ఛాతీ, పొట్ట: 7
- వీపు, పిరుదులు: 7

పాదం వదిలేసి ఒక కాలికి రోజుకి ఒకసారి రాస్తే 3 గ్రాములు. 15 గ్రాముల ట్యూబు ఐదు రోజులకే అయిపోవాలి. నెలంతా వచ్చిందంటే చాలనంత రాయలేదన్నమాట. అరచేతంత మచ్చకి వారానికో ట్యూబు అవుతుంటే మరీ మందంగా పూస్తున్నట్టు.

క్లోబెటాసోల్ లాంటి బలమైనదానికి పెద్దవాళ్లలో కూడా హద్దు ఉంది: వారానికి 50 గ్రాములు దాటకూడదు, ఏకబిగిన రెండు వారాలకి మించి వాడకూడదు. ముఖం, గజ్జలు, చంకలకి డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప దాన్ని తేవద్దు. పసిపిల్లలకి డైపర్ కింద అస్సలు వద్దు. గాలాడకుండా కప్పితే మందు లోపలికి చాలా ఎక్కువ దిగుతుంది.

మాయిశ్చరైజర్ కూడా రాస్తే రెండింటికీ మధ్య అరగంట వ్యవధి ఇవ్వండి.

## 8. డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు ఇవి మర్చిపోతే ఆ రోజు వృథా:

- రెండో మెట్టులో సర్దిన సంచి, ఖాళీ ట్యూబులతో సహా
- ఏది, ఎప్పటి నుంచి, రోజుకి ఎన్నిసార్లు అన్న కాగితం
- మొదట్లో మచ్చ ఎలా ఉండేదో చూపే ఫొటో ఉంటే అది
- షుగర్, బీపీ, గర్భం, పాలిచ్చే తల్లి, ఇతర మాత్రల వివరాలు

అడగాల్సిన ప్రశ్నలు మూడే: ఇందులో స్టెరాయిడ్ ఉందా? ఎన్ని రోజులు, ఏ చోట? ఆపాక పెరిగితే ఏం చేయాలి?

సగం వాడిన పాత ట్యూబులు డాక్టర్‌కి చూపించాక ఇంట్లో ఉంచొద్దు. అలమరలో ఉంటే పక్కింటి పిన్నమ్మకి దురద పుట్టిన రోజున గుర్తొస్తాయి. కత్తెరతో కోసి, మందు పాత కాగితంలోకి నొక్కేసి, చెత్తబుట్టలో వేయండి.